నీరటి ఎవరో తెలియని తూము

బానెట్ ఎత్తితే ఇంజన్ కనిపించలేదు. నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి, దాని నడుమ కంపెనీ గుర్తు, అంతే. యాభై ఏళ్లు డీజిల్ మసిలో బతికిన మనిషిని, అల్లుడి కారు ముందు చేతులు కట్టుకుని నిలబడి ‘‘ఇంజనేది బిడ్డా?’’ అని అడగాల్సి వచ్చింది. ‘‘ఆ మూత కిందనే ఉంటది మామా’’ అన్నాడు.

మూత కింద! మా రోజుల్లో ఇంజన్ మీద మూత పెట్టాలన్న బుద్ధి ఎవడికీ పుట్టలేదు. టాటా 1210 ముక్కు బండి బానెట్ ఎత్తితే లోపల సంసారం చేయొచ్చు. పద్నాలుగేళ్ల పోరణ్ని, చాసిస్ మీద గొంతుకూర్చుని, ఒక పక్క డెలివరీ పంపు, ఇంకో పక్క సైలెన్సర్ గొట్టం పెట్టుకుని పని చేసేవాణ్ని. పానా జారితే ఠంగుమని నేల మీద పడేది. ఇప్పుడు పానా జారితే అది ఎటు పోయిందో కారు అమ్ముకునేదాకా తెలియదు.

అసలు సంగతి ఏమిటంటే, అల్లుడి కారు తొర్రూరు దాటినాక లాగడం మానేసింది. జనగామ నుంచి మానుకోటలో పెళ్లికి పోతున్నాం. పాలకుర్తి దాకా బాగానే ఉంది. తొర్రూరులో చాయ్ తాగి మళ్లీ ఎక్కితే, గేదె బురదలోంచి లేచినట్టు ముక్కుతూ కదిలింది. ముందు పోయే మిర్చి బస్తాల ట్రాక్టర్‌ను దాటడానికి కాలు అదిమితే బండి కదలదు. అదే కిందా మీదా పడి వేగం అందుకున్నాక మాత్రం ఏమీ ఎరగనట్టు పరుగెత్తుతుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. ఆ దీపం ఏం చెబుతుందో అల్లుడికి తెలియదు, నాకూ తెలియదు. తెలిసిందల్లా ఆ దీపానికే.

వెనక సీట్లో కూర్చుని నేనొకటే అన్నాను: ‘‘కింద దమ్ము లేదు, పైన ఉంది. నీ బండికి టర్బోలు రెండుండాలె. చిన్నది పని చేస్తలేదు.’’ మా బిడ్డ నవ్వింది. ‘‘నాయనా, మూత కూడా తీయకుండనే చెప్పినవా?’’ అంది. మూత తీస్తే మాత్రం ఏం కనిపిస్తుంది కనుక!

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలా వినడం నాకు నేర్పింది మా ఉస్తాద్. జనగామలో హైదరాబాద్ రోడ్డు మీద ఆయన షెడ్డు, నాలుగు రేకులు, ఒక చింతచెట్టు. మొదటి ఏడాదంతా నాతో సామాన్లు కిరోసిన్‌లో కడిగించాడే తప్ప పానా ముట్టుకోనివ్వలేదు. రెండో ఏడు వినడం. కట్టె పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, ‘‘క్యా బోల్‌రహా?’’ అని అడిగేవాడు. మొదట్లో నాకు అంతా ఒకటే మోత. ఆరు నెలలకు నాజిల్ చప్పుడు వేరు, వాల్వు చప్పుడు వేరు, బేరింగు మూలుగు వేరు అని విడివిడిగా వినిపించడం మొదలైంది. ఇక పొగ సంగతి సరేసరి. నల్లపొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు. నీలం పొగ అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ పోకుండా నిలబడితే లోపల నీళ్లు దిగుతున్నాయని అనుమానించు. మూడు రంగులు, ఒక స్క్రూడ్రైవర్. అంతకుమించిన స్కానర్ మా దగ్గర లేదు.

ఆ 1210కి టర్బో లేదు. బండి పేరులోనే దాని జాతకం ఉండేది: 12 అంటే టన్నులు, 10 అంటే సుమారు వంద గుర్రాలు. ఆరు సిలిండర్ల అంత పెద్ద ఇంజన్ మొత్తం కష్టపడితే వంద గుర్రాలు. అల్లుడి కారు ఇంజన్ రెండు లీటర్లు, అంటే రెండు పెద్ద నీళ్ల బాటిళ్లంత. అది రెండు వందల గుర్రాలు అంటుందట. మొదట నేను నమ్మలేదు. నమ్మినాక భయం పట్టుకుంది.

టర్బో అనే దాన్ని నేను మొదట చూసింది లారీకి కాదు, రైలుకు. చూడటం కాదులెండి, వినడం. జనగామ స్టేషన్‌లో సిగ్నల్ కోసం ఆగిన గూడ్సుకు డబ్ల్యూడీఎం-2 ఇంజన్. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి మొదట తెచ్చుకున్నవి, 1964 నుంచి వారణాసిలో మనమే చేసుకున్నవి. 16 సిలిండర్లు, 2600 గుర్రాలు. సిగ్నల్ పడగానే డ్రైవర్ నాచ్ పెంచేవాడు. ముందు లోపల ఒక గుర్రు, ఆ వెంటనే పైకప్పు మీంచి నల్లటి పొగ బుసబుసమని లేచి ప్లాట్‌ఫారం మీద అమ్ముకునే జామకాయల మీదా, తెల్ల ధోవతుల మీదా దిగేది. ఆ తర్వాత ఎప్పటికో, సన్నగా ఈలలాంటి కూత మొదలై అంతకంతకూ పైకి పోయేది. ఆ కూత వచ్చిందంటే పొగ పలచబడేది. నాకు పొగ ముందు ఎందుకు, ఈల తర్వాత ఎందుకు అన్నది అంతుపట్టలేదు.

కాజీపేట డీజిల్ షెడ్డులో పని చేసే ఫిట్టర్ ఒకాయన మా ఉస్తాద్ దగ్గరికి చాయ్‌కి వచ్చేవాడు. ఆయన్ను అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు: ‘‘ఇంజన్‌కి అన్నం ముందొచ్చింది, నీళ్లు తర్వాతొచ్చినయ్. పొలమారింది.’’ డ్రైవర్ నాచ్ పెంచితే డీజిల్ వెంటనే పెరుగుతుంది. గాలిని తోసే టర్బో తిరగాలంటే మాత్రం ముందు పొగ గట్టిగా రావాలి. పొగ వస్తేగాని టర్బో తిరగదు, టర్బో తిరిగితేగాని గాలి రాదు, గాలి వస్తేగాని పొగ ఆగదు. ఆ నడుమ సందులో పడ్డదే జామకాయల మీది మసి. దాన్నే ఇప్పటివాళ్లు టర్బో లాగ్ అంటారు. పేరు పెట్టినంత మాత్రాన పోయే జబ్బు కాదది.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఇంజన్‌లో పోసిన డీజిల్ వేడిలో దాదాపు మూడో వంతు సైలెన్సర్ గుండా ఊరికే ఊళ్ల మీద పోతుంది. ఆ పోయే పొగకు అడ్డంగా ఒక చక్రం పెట్టి, ఆ చక్రం ఇరుసుకే రెండో కొసన ఇంకో చక్రం బిగించి, దానితో బయటి గాలిని పట్టి ఇంజన్‌లోకి కుక్కించడమే టర్బో. ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ అనే స్విస్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. పారబోసే గంజితోనే ఇంకో పూట వంట చేసినట్టు. మా అమ్మ వింటే మెచ్చుకునేది.

ఇక చిక్కంతా ఆ పొగను ఎటు, ఎప్పుడు, ఎంత పంపాలన్న దగ్గరే. చక్రం చిన్నదైతే కొంచెం పొగకే గిర్రున తిరుగుతుంది, కానీ ఇంజన్ వేగం పెరిగితే పొగంతా ఆ ఇరుకు సందులో ఇరుక్కుని ఇంజన్ గొంతు పట్టేస్తుంది. చక్రం పెద్దదైతే పైన బ్రహ్మాండంగా లాగుతుంది, కింద మాత్రం నిద్రపోతుంది. బోరుబండ్లది మొదటి రకం కాపురం కాదు, రెండోది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గులు బచ్చన్నపేట, దేవరుప్పుల చేలల్లో రాత్రంతా కంప్రెసర్ ఈల వేయించేవి. ఆ ఇంజన్‌ను ఒకసారి వేగం పట్టించారంటే తెల్లారేదాకా అదే వేగం. ఒకే వేగం మీద తిరిగేదానికి పెద్ద టర్బో ఒకటి చాలు. నీళ్లు పడకపోయినా టర్బో మాత్రం పాట మానేది కాదు. జనగామ రైతు ఆ పాట విని విని అప్పుల పాలయ్యాడు, అది వేరే కథ.

లారీ అలా కాదు. ఎక్కుతుంది, దిగుతుంది, ఆగుతుంది, ఎదురుగా మేకల మంద వస్తుంది. 1993లో టాటావాళ్లు కమిన్స్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో కంపెనీ పెట్టాక, మా షెడ్డుకు టర్బో లారీలు రావడం ఎక్కువైంది. వాటికి ఒక చిన్న తలుపు ఉంటుంది, వేస్ట్‌గేట్ అంటారు. నాకు దాన్ని చూడగానే మా ఊరి చెరువు మత్తడి గుర్తొచ్చింది. చెరువులో నీళ్లు కట్ట తెంచేంత ఎత్తుకు రాకముందే మత్తడి దుంకి పక్కన వాగులోకి పోవాలి. ఇక్కడా అంతే. గాలి ఒత్తిడి ఎక్కువైందంటే, ఆ గాలే ఒక డబ్బాలోని రబ్బరు పొరను నెట్టి, స్ప్రింగును అణిచి, ఒక రాడ్డును తోసి తలుపు తెరుస్తుంది. ఎక్కువైన పొగ చక్రాన్ని ముట్టకుండా పక్క దారిన సైలెన్సర్‌లోకి పోతుంది. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. స్ప్రింగుకు ఎంత బలమో అంతే తీర్పు.

ఆ స్ప్రింగు తీర్పును నేను ఒకసారి దిద్దాను. చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెప్తాను. లేకపోతే మా రోజులన్నీ బంగారమే అనుకుంటారు.

భూపాలపల్లిలో సింగరేణి గనులు మొదట అన్నీ భూగర్భమే. తర్వాత ఓపెన్‌కాస్టు వచ్చింది, దాంతో బొగ్గు మీది మట్టి తీసే ఓబీ పనులు వచ్చాయి. ఒక కాంట్రాక్టర్ దగ్గర నన్ను మేస్త్రిగా పెట్టుకున్నారు. టిప్పర్లు గుంత అడుగు నుంచి మట్టి నింపుకుని చుట్టూ తిరిగి పైకి రావాలి. ట్రిప్పుకింత అని డ్రైవర్లకు బత్తా. అందులో ఒక డ్రైవర్ రోజూ నా వెంట పడేవాడు: ‘‘మేస్త్రీ, ఎక్కుల మీద నా బండే ఎనుకబడుతుంది. జరంత దమ్ము పెంచు.’’ నేను రాడ్డు కొసన ఉన్న లాక్‌నట్టు వదులు చేసి, రాడ్డును మూడు చుట్లు పొట్టి చేశాను. అంటే మత్తడి మీద మూడు వరసల ఇసుక బస్తాలు పేర్చినట్టే. తలుపు ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది. మరునాడు ఆ బండి అందరికన్నా ముందు పైకొచ్చింది. సాయంత్రం నాకు నాటుకోడి కూర, ఒక సీసా. వారం తిరిగేసరికి ఇంకో నలుగురు డ్రైవర్లు నా గుడిసె ముందు నిలబడ్డారు. నాకు కళ్లు నెత్తికెక్కాయి.

మే నెల వచ్చింది. భూపాలపల్లి గుంతలో మే నెల అంటే రాయి మీద రొట్టె కాలుతుంది. మధ్యాహ్నం షిఫ్టులో ఆ మొదటి బండి సగం ఎక్కులో ఉండగా డప్పుమని ఒక చప్పుడు. నేను పైన షెడ్డులో ఉన్నా, ఆ చప్పుడు నా కడుపులో వినిపించింది. పోయి చూస్తే తెల్లటి పొగ మబ్బులాగా నిలబడి ఉంది. హెడ్ గ్యాస్కెట్ చీలి రెండు సిలిండర్ల నడుమ దారి పడింది, నీళ్లు లోపలికి దిగాయి. టర్బో విప్పితే గాలి వైపు చక్రానికి రెక్కలు లేవు. పుట్నాల పొడిలాగా అల్యూమినియం ముక్కలు ఇంటర్‌కూలర్ నిండా. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే చక్రం అది, నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది, దానికి కోపం వస్తే అంతే మరి. కాంట్రాక్టర్ మనిషి రాడ్డు వైపు చూశాడు, తాజాగా పానా గీతలు. రెండు నెలల జీతం పట్టుకున్నారు. డ్రైవర్ నా మీద చాడీ చెప్పలేదు, కానీ ఆ తర్వాత కోడికూర కూడా తేలేదు.

ఆ రాత్రి తక్కిన నాలుగు బండ్ల రాడ్లనూ టార్చిలైటు నోట్లో పెట్టుకుని పాత కొలతకు తెచ్చాను.

అక్కడే ఒక ఇంజనీరు సారు దగ్గర మొదటిసారి రెండంచెల టర్బో సంగతి విన్నాను. గనుల్లో నడిచే పెద్ద డంపర్ల ఇంజన్ల పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. కమిన్స్ పెద్ద ఇంజన్ల పేర్లు చూడు, అన్నాడు. కేటీఏ అంటే ఒక టర్బో అంచె. కేటీటీఏ అని రెండు ‘టీ’లు ఉంటే రెండంచెలు. బయటి గాలిని ముందు పెద్ద టర్బో కొంత నొక్కుతుంది, ఆ నొక్కిన గాలినే చిన్నది పట్టుకుని ఇంకా నొక్కుతుంది. పొగ దారి ఇందుకు ఎదురు: ఇంజన్ నుంచి ముందు చిన్నదానికి, తర్వాత పెద్దదానికి. ఒక్క చక్రంతో అంత ఒత్తిడి తేవాలంటే అది తట్టుకోలేదు, అందుకే ఇద్దరు కలిసి రోకలి పోటు వేసినట్టు ఈ ఏర్పాటు.

ఆదివారాలు నేను గణపురం చెరువు కట్ట మీదికి పోయి కూర్చునేవాణ్ని. కాకతీయుల నాటి చెరువు, పక్కనే కోటగుళ్లు. ఆ కట్ట మీద కూర్చుంటే నాకు ఆ పుస్తకంలోని బొమ్మ అర్థమైంది. మన దగ్గర చెరువు ఒంటరిగా ఉండదు. గొలుసుకట్టు. ఎగువ చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు దిగువ చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. మానుకోట జిల్లా బయ్యారంలో గణపతిదేవుని తోబుట్టువు మైలాంబ తవ్వించిన చెరువుంది, శాసనమూ ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కింద నీళ్లకు చేసిన ఏర్పాటునే ఇప్పుడు పొగకు చేశారు. చిన్న టర్బో ఎగువ చెరువు, పెద్ద టర్బో దిగువ చెరువు.

డంపర్‌లాంటి పెద్ద ఇంజన్ బరువు మోస్తూ ఒకే పట్టున నడుస్తుంది కాబట్టి రెండు చెరువుల నడుమ తలుపు లేకపోయినా నడుస్తుంది. కారుకు అలా కుదరదు. 2004లో బీఎండబ్ల్యూవాళ్లు 535డీ అనే డీజిల్ కారుకు రెండంచెల టర్బో పెట్టి, నడుమ తలుపులు కూడా పెట్టారు. మూడు లీటర్ల ఇంజన్, 272 గుర్రాలు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు నడిమి తలుపు గట్టిగా మూసి ఉంటుంది. ఉన్న కాస్త పొగా చిన్న చక్రం మీదికే పోవాలి. కాబట్టి అది వెంటనే లేస్తుంది, జామకాయల మీద మసి పడదు. వేగం పెరిగేకొద్దీ ఆ తలుపు కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. కొంత పొగ చిన్నదాన్ని తప్పించుకుని సరాసరి పెద్ద చక్రం మీదికి దూకుతుంది. ఇంకా పెరిగితే తలుపు బార్లా తెరిచి, చిన్నదానికి సెలవు. అప్పుడు గాలి వైపు కూడా ఒక అడ్డదారి తెరుచుకోవాలి, లేకపోతే పెద్దది తోసిన గాలికి చిన్నదే అడ్డమై కూర్చుంటుంది. చివరాఖరుకు పెద్దదానికీ ఒక మత్తడి. మొత్తం మూడు తలుపులు.

ఈ తలుపుల్లో కిటుకంతా నడిమిదానిదే. అది ఒక్క గీత ముందు తెరుచుకుంటే చిన్నది చతికిలబడుతుంది, పెద్దది ఇంకా లేవదు, బండి గతుక్కుమంటుంది. ఒక్క గీత ఆలస్యమైతే చిన్నది ఊపిరాడక పరుగెత్తి పరుగెత్తి చస్తుంది. ఒక కొలిమి దగ్గరి నుంచి ఇంకో కొలిమికి నిప్పు మార్చినంత ఒడుపు కావాలి. పొగ వేడి ఆరేడు వందల డిగ్రీలు. ఆ వేడిలో కూర్చుని, తలుపు రెక్క ఇరుసు తన గుంతలో వెంట్రుకంత సందుతో తిరగాలి.

చెరువుకైతే నీరటి ఉండేవాడు. ఏ పొద్దున ఏ తూము ఎంత ఎత్తాలో, ఎవరి మడి ఎండుతోందో, ఎవరు రాత్రిపూట దొంగతనంగా గండి కొడతారో ఆయనకు తెలుసు. ఆయన ఎవరో మనకు తెలుసు. నీళ్లు రాకపోతే ఆయన ఇంటికి పోయి కొట్లాడొచ్చు. ఈ కార్లలో నీరటి ఒక అల్యూమినియం డబ్బా. కాలు ఎంత నొక్కావు, గాలి ఎంత వస్తోంది, ఒత్తిడెంత, వేడెంత అని క్షణంలో ఎన్నోసార్లు చూసుకుని తలుపులకు హుకుం ఇస్తుంది. పని నాకన్నా బాగా చేస్తుంది, అందులో అనుమానం లేదు. మూడు చుట్లు పొట్టి చేయమని ఏ డ్రైవరూ దాన్ని కోడికూరతో మభ్యపెట్టలేడు. (పెట్టగలడట. సాఫ్ట్‌వేర్ మార్చి దమ్ము పెంచేవాళ్లు ఉన్నారట. నాటుకోడి బదులు లాప్‌టాప్. మనిషి బుద్ధి ఎక్కడికి పోతుంది?)

నా గొణుగుడు దాని తెలివి మీద కాదు, మా తెలివితక్కువ మీద కూడా కాదు. అది నాతో మాట్లాడదు, అదీ బాధ. స్ప్రింగు మాట్లాడేది. రాడ్డును వేలితో లాగితే దాని బిగువు తెలిసేది. తలుపు పట్టేస్తే వేలికి గరగర తగిలేది. ఇప్పుడు డబ్బాను అడగాలంటే ఇంకో డబ్బా కావాలి, ఆ డబ్బాకు ఏడాదికోసారి డబ్బు కట్టాలి.

కారును చివరికి వరంగల్‌లో ఒక వర్క్‌షాపుకు తోలారు. నేనూ వెంట పోయాను, పోవద్దంటే విన్నానా. తెల్ల టైల్స్ నేల. మా రోజుల్లో షెడ్డు నేల నల్లగా, పాలిష్ పట్టినట్టు, కాలు జారేది. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కస్టమర్ అద్దంలోంచి చూడాలట, లోపలికి రాకూడదట. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నట్టుంది. నేను పోయి కారు దగ్గర నిలబడ్డాను. స్కానర్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది, ఐటీఐ చదివిందట, ఊరు డోర్నకల్ దగ్గర. ఇరవై రెండేళ్లుంటాయేమో. మా షెడ్డులో ఆడపిల్ల అన్నం గిన్నె ఇచ్చి పోవడానికి వస్తే తప్ప కనిపించేది కాదు.

‘‘తాతా, కొంచెం జరుగుతవా?’’ అంది. జరిగాను. స్టీరింగు కింద తీగ గుచ్చి, తెర మీద రెండు గీతలు చూపించింది. ఒకటి డబ్బా అడిగిన ఒత్తిడి, ఇంకొకటి నిజంగా వచ్చిన ఒత్తిడి. కింద వేగంలో రెండు గీతల నడుమ బెత్తెడు ఎడం. పైకి పోయేసరికి రెండూ కలిశాయి. ‘‘చిన్న టర్బో పక్కనున్న వాల్వు పూర్తిగ మూసుకుంటలేదు తాతా. పొగంతా తప్పించుకొని పోతుంది’’ అంది. పది నిమిషాలు పట్టింది. నేను తొర్రూరు రోడ్డు మీదే చెప్పాను కదా అని అల్లుడి వైపు చూశాను. అల్లుడు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఎందుకు పట్టేసిందని అడిగాను ఆ పిల్లను, పరీక్ష పెట్టినట్టు. ‘‘జనగామలనే తిప్పుతున్నరా? లాంగ్ పోతలేరా?’’ అని ఎదురు నన్నే అడిగింది. నిజమే. బడి, బజారు, బంధువులు, కిలోమీటరు కిలోమీటరు. ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు. నడిమి తలుపు తెరుచుకునేంత వేగం ఎన్నడూ రాదు. మూసిన తలుపు ఇరుసు చుట్టూ మసి పేరుకుని, సందు నిండి, ఒక రోజు తొర్రూరు దాకా గట్టిగా నడిపితే తెరుచుకుంది, మళ్లీ మూసుకోలేదు. వాడని తూముకు షట్టరు తుప్పు పట్టినట్టే. పిల్లకు ఒక మార్కు వేశాను మనసులో.

‘‘అయితే విప్పి, మసి గీకి, బుష్ మార్చి పెట్టు’’ అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. నాకేదో చావు కబురు చెప్పాల్సి వచ్చినట్టు మొహం పెట్టింది. ‘‘బుష్ రాదు తాతా. వాల్వు కూడా రాదు. మొత్తం అసెంబ్లీనే వస్తది.’’ అంటే రెండు టర్బోలు, మూడు తలుపులు, వాటిని పట్టుకున్న పోత ఇనుము అంతా కలిపి ఒకటే సామాను. అంచనా కాగితం చూసి అల్లుడు ఫోన్ జేబులో పెట్టేశాడు. లక్షల్లో అంకె. చిటికెన వేలంత ఇరుసు, ఉంగరమంత బుష్, దానికి లక్షలు.

‘‘నువ్వు గీకలేవా?’’ అన్నాను.

‘‘గీకొచ్చు. కానీ మాకు పర్మిషన్ లేదు. గీకినంక మళ్ల పట్టేస్తే నా పేరు మీద రాస్తరు.’’

నాకు ఆ టిప్పర్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మా రోజుల్లో అని మొదలుపెడితే మా బిడ్డ ఒకటే మాట అంటుంది: మీ రోజుల్లో మీ షెడ్డులో పని చేసినవాళ్లు ఎంతమంది దగ్గుతూ పోయారో చెప్పు నాయనా. చెప్పలేను. మా ఉస్తాద్ చివరి ఏళ్లలో మంచం మీద కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరి అందేది కాదు. బీడీ కూడా తాగేవాడులెండి, తప్పంతా పొగ మీద వేయను. కానీ మేం చేసిన పాపాలు తక్కువ కాదు. నీలం రంగు రేషన్ కిరోసిన్ డీజిల్‌లో కలిపి తోలినవాళ్లు ఉన్నారు. పంపు సీలు తెంపి డీజిల్ పెంచితే బండి నల్లపొగ కక్కుతూ ఎక్కేది, వెనక సైకిల్ మీద వచ్చే బడిపిల్లవాడు ముక్కు మూసుకునేవాడు. అది చూసి మేం దమ్మున్న బండి అని మురిసేవాళ్లం. ఇప్పటి బీఎస్-6, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లే ఉండాలట, అంతకుముందు బీఎస్-4లో 50. సైలెన్సర్ దగ్గర తెల్ల రుమాలు పెట్టినా మసి అంటదు. అంటుకోదు సరే, బాగానే ఉంది. ఆ మసిని బయటికి పోనీయకుండా ఎక్కడికక్కడ పట్టి, కొంత పొగను మళ్లీ ఇంజన్‌కే తాపిస్తున్నారు కదా, అది లోపల ఎక్కడో పేరుకోదా అని నా అనుమానం. పేరుకున్నచోటల్లా ఒక తలుపు, ఆ తలుపుకొక ఇరుసు, ఆ ఇరుసుకు బుష్ రాదు!

ఇంకొకటి కూడా అడగాలి. టర్బో బండిని గట్టిగా నడిపి వచ్చి వెంటనే ఆపకూడదు, రెండు నిమిషాలు ఊరికే తిరగనియ్యి, చక్రం నెమ్మదించేదాకా నూనె అందాలి అని మేం పోరగాళ్లకు మొట్టికాయలు వేసి నేర్పాం. ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే బండి తనంతట తనే ఆగిపోతుంది, డీజిల్ మిగులుతుందట. అన్నీ చూసుకునే చేశారంటుంది ఆ పిల్ల. చూసుకునే ఉంటారు. నాకు మాత్రం ఇంజన్ అలా ఠక్కున ఆగినప్పుడల్లా చెయ్యి తాళం వైపు పోతుంది.

అసెంబ్లీ మార్చారు. కారు పెళ్లికూతురులా కదులుతోంది, కింది నుంచే లాగుతోంది. రెండు టర్బోల మధ్య పొగ ఎప్పుడు చేతులు మారుతుందో చెవికి దొరకడమే లేదు. నేను వెనక సీట్లో కళ్లు మూసుకుని పట్టుబట్టి విన్నాను. ఎక్కడో 2500 చుట్ల దగ్గర ఈల గొంతు రవ్వంత మారినట్టు అనిపించింది. అనిపించడమే, ఒట్టేసి చెప్పలేను. మా ఉస్తాద్ అయితే పట్టేవాడు.

పాత సామాను ఇవ్వమని అడిగాను. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని గోనెసంచిలో కట్టి ఇచ్చారు. ఆ డోర్నకల్ పిల్లే తెచ్చి డిక్కీలో పెట్టింది. ‘‘సాఫయితే నాకు ఫోన్ చేసి చెప్పు తాతా’’ అని చెవిలో అంది, సూపర్‌వైజర్‌కు వినపడకుండా.

నానబెడదామంటే కిరోసిన్ లేదు, దొరకదు. డీజిల్‌లోనే నానబెట్టాను. మూడు రోజులు అరుగు మీద పాత సత్తు గిన్నెలో. వాకిలంతా డీజిల్ వాసన అని మా ఇంటావిడ రెండు పూటలు మాట్లాడలేదు. నాలుగో నాడు పొద్దున ఇత్తడి బ్రష్షుతో ఇరుసు చుట్టూ గీకితే, నల్లటి చెక్కలాంటి మసి రేకులు రేకులుగా ఊడింది. రెక్కను వేలితో నెట్టాను. కదలలేదు. ఇంకొంచెం డీజిల్ చుక్క, సుత్తి కట్టెతో రెండు చిన్న దెబ్బలు. మళ్లీ నెట్టాను. సగం వచ్చి ఆగింది. మధ్యాహ్నం ఎండకు పెట్టాను. సాయంత్రానికి ఏ అడ్డమూ లేకుండా తిరిగి, తన గుంతలో తను కూర్చుంది. టక్.

అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి, గిన్నె ముందు కూర్చున్న నన్ను చూసి, ‘‘ఇప్పుడు దాంతో ఏం చేస్తవ్ మామా?’’ అన్నాడు.

రెక్క మళ్లీ తెరిచాను. మూశాను. టక్. ఫోన్ తీసి ఆ పిల్లకు కలిపి, మాట్లాడకుండా ఫోన్ తలుపు దగ్గర పెట్టి, ఇంకోసారి మూశాను.